చేపతొట్టిలో తాత పంచె

నాకు చదువు సంతకం కాడికే. నేను చెప్తాంటే మనవరాలు రాస్తాండాది. ఆ పిల్ల మధ్యలో నవ్వితే నన్ను అడగొద్దండి.

మా ఆయన పోయినాంక గార్లదిన్నె పక్కనుండే చేను కౌలుకిచ్చి, అనంతపురంలో కూతురింటికి వచ్చేసినా. ఈడ నాకు పనేముండాది? పొద్దున్నే ఎవురి దారిన వాళ్లు పోతారు. నేనూ గోడలూ. అది చూసి మనవరాలు, "అవ్వా, నీకు మాట్లాడుకునేకి తోడు తెచ్చినా" అని ఒక చిన్న గాజుతొట్టి తెచ్చి పెట్టింది. లోపల ఒక నీలం చేప. దాని తోక చూడాల, ధర్మవరం పట్టుచీర కుచ్చిళ్లే! నా పెండ్లికి గూడా నాకట్లాంటిది పెట్టలేదు.

తొట్టి మూలకి ఒక నల్ల మోటరు. నీళ్లు శుభ్రం చేస్తాదంట, ఫిల్టరంట. అది ఆడిచ్చేసరికి నీళ్లు బుస్సున దుంకి చేపని తీసకపోయి అద్దానికేసి కొట్టింది. అది కిందామీదా పడి ఈదుకుంటా వస్తాది, మళ్లీ కొడతాది. అంత పొడుగు కుచ్చిళ్లేసుకోని గాలివానలో నడిస్తే ఎట్లుంటాది, అట్ల. మరుసటి రోజుకి ప్లాస్టిక్ చెట్టు ఎనక నక్కింది. మేత ముట్టలేదు. తోక కొస చినిగింది.

నేను మోటరు ఆపేస్తి. తాగేవాళ్లు లేకుండా నీళ్లు ఊరికే పారతాంటే నా చెయ్యి నిలవదు, స్విచ్చి కాడికే పోతాది. ఇంగేముండాది, నీళ్లు గబ్బు పట్టినాయి.

మా కూతురు ముక్కు మూసుకోని, "మా, ఇది మనకి సాగే పని కాదు. ఆదివారం అంగట్లో తిరిగిచ్చేస్తా. ఆడన్నా బతుకుతాది" అనింది.

అప్పటికే ఆ చేపకి మా ఇంటి సంగతులన్నీ చెప్పేసినా, అల్లుడి గురకతో సహా. ఇప్పుడు దాన్నెట్ల పంపిచ్చేది?

కూర్చోని ఆలోచన చేస్తి. చేలో బోరు ఆడిచ్చినప్పుడు పైపు మూతికి గోనెపట్టో పాత చీరో కట్టేటోళ్లం. లేకుంటే నీళ్లు దుంకి కాలవ గట్టు తెంపేస్తాయి. బట్ట కడితే మెత్తగా జారి శెనక్కాయ మడికి పోతాయి. ఇదీ బోరే గదా, బొటనవేలంత బోరు! మోటరు మళ్లీ ఆడిచ్చి, నా ఎర్రచీర కొంగు చింపి దాని పైపు మూతికి దారంతో బిగిచ్చి కడితి.

నీళ్లు మెత్తబడినాయి. శానా మురిసిపోయినా. పొయ్యి మీద పప్పు చూసి వచ్చేలోపల తొట్టి నిండా కుంకం నీళ్లు! చీర రంగిడిసింది. చేప వసంతాలాడతాండాది.

అప్పుడే మనవరాలు కాలేజీ నుంచి వచ్చింది.

"అవ్వో! చేపకి అద్దకమేసినావా ఏంది?"

"నిదానంగా అరుద్దువులే, ముందు నీళ్లు తీయ్!"

మాకు కొళాయి రోజూ రాదు, బక్కెట్లలో పట్టి పెట్టుకున్న నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. చేపకి నిలవ నీళ్లే మంచివంట. కొన్ని నా పెరుగుగిన్నెలో పోసి చేపని దాంట్లోకి మార్చినాం. ఆ పిల్ల చెంబుతో ఎర్రనీళ్లు తోడేసింది, నేను మంచినీళ్లు పోసినా.

ఇంగ రంగిడవని బట్ట యాడుండాది? పెట్టె తీసి మా ఆయన పంచె బయటికి తీసినా. ఉతికి ఉతికి దూదైపోయిన తెల్ల పంచె.

"తాతదా? వద్దులే అవ్వా."

"ఏం, ఆయప్ప ఇప్పుడు కట్టుకోని యాడికన్నా పోవాల్నా?"

పంచె కొస చింపి నేను కట్టినా. ఆ పిల్ల పైపు మూతిని అద్దం పక్కకి తిప్పింది. నీళ్లు అద్దానికి తగిలి సడి లేకుండా దిగినాయి. చేపని ఇడిసినాం. మళ్లీ చెట్టు ఎనకకే పోయింది దొంగముండ! ఇద్దరం తొట్టికి ముక్కులానిచ్చి కూర్చున్యాం. శానా సేపటికి ముందు తల, ఎనక తోక. ఇంగ కుచ్చిళ్లన్నీ ఇప్పుకోని తొట్టంతా ఒక చుట్టు తిరిగింది. మేత గింజేస్తే గుటుక్కున మింగింది.

ఆదివారం మా కూతురు తొట్టి కాడ నిలబడి చూసింది. "సరే, ఇయ్యనులే. నా సంగతులేమేం చెప్పినావు దానికి?" అనింది. అది నోరు తెరిచేలోపల నేనొక మేత గింజేస్తి.

మా ఆయన బతికినన్నాళ్లూ నీళ్లు యాడుండాయా అని బోర్లేసి చేను తూట్లు పొడిచినాడు. ఇప్పుడాయన పంచె పొద్దస్తమానం నీళ్లల్లోనే ఉండాది. అప్పుడప్పుడు దానికి పాచి పడితే ఇప్పి, తొట్టిలో తోడిన నీళ్లతోనే జాడిచ్చి, ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకి పోస్తా. మనిషి పోయినాడు గానీ, పంచె ఉతికే పని నాకు తప్పలేదు చూడు.