చలికాలంలో మాత్రమే కుక్కలకు భయపడే బావ

తాళాల కొట్టు నడిపే బావకు ఈ భూమ్మీద ఒకే ఒక్క భయం: కుక్కలు. అదీ చెట్లు ఆకులు రాల్చే రోజుల నుంచి మళ్లీ చిగురించే దాకా మాత్రమే. మిగతా కాలమంతా పులి ఎదురొచ్చినా "పక్కకి జరుగు తల్లీ, కొట్టు తెరవాలి" అనే రకం.

మనిషిని చూస్తే ఈ మాట ఎవరూ నమ్మరు. గుమ్మంలో పట్టాలంటే పక్కకి తిరగాలి. మీసం కొసలకి తాళంచెవులు తగిలించుకోవచ్చు. ఒకసారి తెరుచుకోని ఇనప్పెట్టెను భుజాన వేసుకుని నాలుగు వీధులు నడిచాడు. దారిలో ఎవరో పలకరిస్తే పెట్టె దించకుండానే అరగంట కబుర్లాడాడు. ఆ పెట్టెలో దాని యజమాని కూడా ఉన్నాడనడం మాత్రం అతిశయోక్తి. ఉన్నది ఆయన తమ్ముడు.

అంతటి బావ, ఆ ఏడు చలి మొదలైన వారానికి, పొద్దున్నే ఆరున్నరకి బావమరిది గది తలుపు బాదాడు.

"లేవరా! కొట్టుకి వెళ్లాలి."

"వెళ్లు బావా." సమాధానం దుప్పటి లోపలి నుంచి వచ్చింది.

"రొట్టెల కొట్టు ముందు కుక్క ఉంది."

"ఉంటే?"

"ఉంటే ఏంటిరా? కరుస్తుంది. తోడు రా."

ఆ కుక్క ముసలిది. నోట్లో ఉన్నవి మూడు పళ్లు. ఆ మూడూ ఒకదాని మొహం ఒకటి చూసుకుని ఏళ్లయింది.

బావమరిదిది కళ్లజోళ్ల కొట్టులో అద్దాలు అరగదీసే పని. వేసవిలో ఈలవేస్తూ ఇద్దరి పని ఒక్కడే చేసేవాడు. పగళ్లు కురచ కాగానే ఎవరో లోపల వత్తి తగ్గించినట్టయ్యేది. పన్నెండు గంటలు పడుకున్నా నిద్ర తీరదు. రొట్టె మీద రొట్టె తింటాడు. ఎవరైనా తలుపు తడితే ఇంట్లో లేనట్టు ఊపిరి బిగబడతాడు. ఏటా ఇదే తంతు. చిగుళ్లు వేయగానే మళ్లీ ఈల.

పోయిన చలికాలం ఇరవై ఒక్క రోజులు పనికి పోలేదు. ఈసారి కొట్టు యజమానురాలు సూటిగా చెప్పేసింది. "నీలాంటి చెయ్యి నాకు మళ్లీ దొరకదు నాయనా. కానీ చలికాలమని జనం కళ్లు మూసుకు కూర్చోరు కదా? మళ్లీ అలాగే చేస్తే ఇంకో మనిషిని చూసుకుంటాను."

డాక్టరు దగ్గరికి వెళ్లమని అక్క వారం రోజులుగా పోరుతూనే ఉంది. "నాకు జబ్బేంటక్కా? ఒళ్లు బద్ధకం, అంతే" అని అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు.

కానీ ఇంత లావు మనిషి గుమ్మంలో నిలబడి కుక్కకి భయమేస్తోందంటే ఎవరు మాత్రం కాదంటారు? తిట్టుకుంటూనే లేచాడు. రొట్టెల కొట్టు రాగానే బావ అతని వెనక నక్కాడు. గొడుగు వెనక ఏనుగు దాక్కున్నట్టుంది. ముసలి కుక్క ఒక కన్ను తెరిచి "భౌ" అంది. బావ అరిచిన అరుపుకి పై అంతస్తులో కిటికీలు తెరుచుకున్నాయి.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పైగా దగ్గరి దారిలో ఇంకో కుక్క చేరిందంటూ బావ పార్కు చుట్టూ తిప్పి తీసుకెళ్లేవాడు.

"ఇవాళ మబ్బుగా ఉంది బావా, వదిలెయ్."

"మబ్బు పడితే కుక్క కరవదా?"

పార్కు చుట్టూ తిరిగి బావ కొట్టు చేరేసరికి బావమరిది మొహం మీద అరగంట వెలుతురు పడేది. అక్కణ్ణించి ఇంటికి వెనక్కి పోవడం కన్నా కళ్లజోళ్ల కొట్టే దగ్గర. దాంతో పనికి పోయేవాడు.

మూడో వారం బావ కొత్త పాట ఎత్తుకున్నాడు. "ఈ భయానికి మందుందేమో డాక్టర్ని అడగాలి. ఒక్కణ్ణే వెళ్లలేను. ఆ వీధిలోనూ కుక్కలే."

డాక్టరమ్మ అడగ్గానే బావ బల్లకేసి చూస్తూ గడగడా అప్పజెప్పాడు. "చలికాలం రాగానే ఎంత పడుకున్నా నిద్ర చాలదమ్మా. ఆకలి ఎక్కువ. మనుషుల్ని చూడబుద్ధి కాదు. ఇష్టమైన పని కూడా బరువే. ఎండలు రాగానే అంతా మామూలే. ఇలా నాలుగేళ్లుగా."

బావమరిది నోరు తెరిచాడు. ఇనప్పెట్టె మోసిన బావకి కూడానా? "అమ్మా... నాకూ అచ్చం అంతే" అనేశాడు.

డాక్టరమ్మ బావని వదిలేసి అతనివైపు తిరిగింది. చాలాసేపు ప్రశ్నలు వేసింది. "ఇది సోమరితనం కాదు. వెలుతురు తగ్గే కాలంలో కొందరికి వచ్చే కుంగుబాటు. నయమవుతుంది. లేవగానే బయటికెళ్లి నడవండి, మబ్బున్నా సరే. రోజూ ఒకే వేళకి లేవండి. మనుషుల్ని దూరం పెట్టొద్దు. రెండు వారాల్లో మళ్లీ రండి. అప్పటికీ తగ్గకపోతే మందులున్నాయి, దీనికోసం ప్రత్యేకంగా చేసిన దీపాలున్నాయి. వచ్చే ఏడు మాత్రం ఆకులు రాలకముందే మొదలుపెట్టండి."

"నాకు కూడానా?" అన్నాడు బావ.

"మీరు తోడు వెళ్లండి చాలు."

అప్పట్నుంచి బావమరిది తనకోసం కాకపోయినా పాపం బావకోసమైనా లేచేవాడు. పోను పోను నిద్ర దానంతటదే తేలికపడింది. ఒకరోజు అరగంట ముందే మెలకువ వస్తే, తనే బావని తీసుకొద్దామని బయల్దేరాడు. వీధి మలుపులో టక్కున ఆగిపోయాడు.

రొట్టెల కొట్టు మెట్టు మీద బావ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కుక్క తలకాయ.

"ఏమే, నిన్న ఆవలించి ఊరుకున్నావేం? వాడు అనుమానంగా చూశాడు. ఇవాళైనా గట్టిగా మొరుగు. ఇంకా రెండు నెలల చలి ఉంది, పరువు తియ్యకు."

కొట్టావిడ లోపల్నుంచి నవ్వింది. "నీ రొట్టెముక్కలు తిని లావెక్కింది, ఇంకేం మొరుగుతుంది? ఆ నిద్ర రోగం కూడా నీకు లేదటగా?"

"నాకా? దిండు మీద తల పెడితే తెల్లారేదాకా గురకే. అవన్నీ మా ఆవిడ రాసిచ్చింది. బట్టీ పట్టేసరికి నా తాతలు దిగొచ్చారు!"

బావమరిది నాలుగడుగులు వెనక్కి వేశాడు. గట్టిగా దగ్గి, కాళ్లు టపటపలాడిస్తూ మళ్లీ వచ్చాడు. కుక్క తల ఒళ్లోంచి జారింది. బావ ఎగిరి వచ్చి అతని వెనక నక్కాడు.

"వచ్చావా! ఇంకాస్త ఆలస్యమైతే నన్ను పీక్కుతినేసేది!"

"నేనున్నాగా బావా, పద" అన్నాడు బావమరిది, పెదవి బిగబట్టి. ఆ రోజు అద్దాలు అరగదీస్తుంటే చాలా రోజుల తర్వాత ఈల వినబడింది.

చిగుళ్లు వేశాక యజమానురాలు హాజరు పుస్తకం తిరగేసి, "రెండే రోజులు రాలేదు. ఆ రెండూ జ్వరం. ఇంకో మనిషి ఎందుకులే" అంది. అదే వారం బావ భయం కూడా మాయమైంది.

మళ్లీ ఏడు, చెట్టున ఒక్క ఆకూ పసుపెక్కకముందే, ఆరున్నరకి బావ తలుపు ఎవరో బాదారు.

"లే బావా! నీకు భయం పట్టే రోజులొస్తున్నాయి. ముందే మొదలుపెట్టమంది డాక్టరమ్మ."

"ఇంకా చలి రాలేదు కదరా" అంటూనే బావ చెప్పులు వేసుకున్నాడు.

రొట్టెల కొట్టు ముందు కుక్క తోకూపుకుంటూ నేరుగా బావ మీదికి ఉరికింది.

"అమ్మో! కుక్కరా!" అని కేకపెట్టాడు బావ. కేక ఇంకా గొంతులో ఉండగానే, చెయ్యి అలవాటు కొద్దీ వెళ్లి దాని చెవి వెనక గోకుతోంది.

బావమరిది ఆకాశం వైపు చూస్తూ అన్నాడు. "భయపడకు బావా. చలికాలం మొత్తం వస్తాను."