పిల్లల జబ్బుల పెద్దాయన

పద్మనాభన్‌కు సొంత జబ్బంటూ ఒక్కటీ లేదు. ఆయనకు వచ్చినవన్నీ పిల్లల జబ్బులే. ఇంట్లో పొద్దున ఏ పిల్ల తుమ్మినా సాయంత్రానికి ఆయనకు జలుబు. మధ్యాహ్నం ఏ పిల్లవాడు కడుపునొప్పి అన్నా, దీపాలు పెట్టే వేళకు ఆయన పొట్ట పట్టుకుని చాప మీద ముడుచుకునేవాడు. నటేశన్ నగర్‌లోని ఆ ఇంట్లో పిల్లలు నలుగురు. ఆ ఇంటి కోడలు నాగకుమారి లెక్కలో మాత్రం రోగులు అయిదుగురు.

ఆయన నాగకుమారి భర్త రాఘవన్‌కు చిన్నాయన. ఏంబలం అనే పల్లెలో బతుకంతా పొలంలోనే గడిపిన మనిషి. పెళ్ళెప్పుడయ్యా అని అడిగిన వాళ్ళందరికీ ‘ఈ నాట్లు కానీ’ అని చెబుతూ చెబుతూ అరవై దాటేశాడు. మూడేళ్ళ కిందట పొలం కౌలుకిచ్చి, ఒక ట్రంకు పెట్టె, ఒక చాప పట్టుకుని అన్న కొడుకు ఇంటికి వచ్చాడు. వచ్చిన రోజే వీధి మలుపు నుంచి గ్యాస్ సిలిండరును భుజాన వేసుకుని వంటింట్లో దించాడు.

“మాత్ర అనేది ఎట్లుంటాదో నాకు తెలీదు కుమారీ” అని కోడలితో గొప్పగా చెప్పుకున్నాడు.

యానాం నుంచి కోడలిగా వచ్చిన నాగకుమారికి ఈ ఊళ్ళో పుట్టింటి తోడు లేదు. రాఘవన్ పొద్దున ఆఫీసుకు పోతే చీకటి పడేదాకా రాడు. నలుగురు పిల్లల మధ్య సతమతమయ్యే తనకు చేతిసాయం దొరికిందని ఆమె సంబరపడింది. వారం తిరక్కుండా పిల్లల్లో మణికంఠకు జలుబు చేసింది. ఆ సాయంత్రమే చేతిసాయం కాస్తా దుప్పటి కప్పుకుని పడుకుంది.

“తల బరువుగా ఉండాది కుమారీ. బిడ్డకిచ్చే కంజిలోనే నాకూ ఇంత పోసేయ్.”

“అదేంటండి మామయ్యా, పొద్దున బాగానే ఉన్నారు కదా?”

“పొద్దున వానికీ బాగనే ఉండె గదా.”

ఆమె రెండో గిన్నె తీసి అందులోనూ గంజి పోసింది. ఆ తర్వాత మూడేళ్ళూ పోస్తూనే ఉంది.

నాగశ్రీకి చెవిపోటు వచ్చినప్పుడు గోరిమేడులో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి ఆయనా బయలుదేరాడు. ఆటోలో తాతా మనవరాలూ చెవుల్లో దూది పెట్టుకుని, ఒకే పక్కకు తలలు వంచుకుని కూర్చున్నారు. లోపలికి వెళ్ళగానే నాగశ్రీ కుర్చీ కింద దూరింది. పేషెంటు ఎవరని డాక్టరమ్మ అడిగింది.

“ఇద్దరం” అన్నాడు పద్మనాభన్.

“నేను పిల్లల డాక్టర్నండీ.”

“నాదీ చిన్న జబ్బేనమ్మా. దానికి పెద్ద డాక్టరు యాల?”

ఆమె నవ్వాపుకుని ఆయన చెవిలో లైటు వేసి చూసింది. ఆయన కుర్చీ కిందికి చూస్తూ, “సక్కిలిగింత పెడతా ఉండాది పాపా, నొప్పి మాత్రం లేదు” అన్నాడు. నాగశ్రీ మెల్లగా బయటికి వచ్చింది. నాగకుమారి ఇదంతా చూసింది గానీ ఆమెకు గుర్తున్నది ఒక్కటే, బయట వరసలో కూర్చున్న తల్లులందరూ తనవైపు జాలిగా చూశారని.

అదే నాగశ్రీ బడి నుంచి పేలు తెచ్చుకుంది. పద్మనాభన్‌ది నున్నటి బట్టతల. అక్కడ పేను నిలబడాలన్నా పట్టు దొరకదు. అయినా రెండు చేతులా గోక్కుంటూ వచ్చి దువ్వెన కింద కూర్చున్నాడు.

“అక్కడేముందని దువ్వమంటారు మామయ్యా?”

“ఉండేది నీకు కనపడదులే. ముందు నాకు దువ్వు, పాప సూస్తాది.”

మణికంఠ పాలపన్ను ఊగుతోంది, ముట్టుకోనివ్వడు. పద్మనాభన్ ఆ పొద్దున్నే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి తన దవడపన్ను పీకించుకున్నాడు. దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి మనవడి అరచేతిలో పెట్టాడు. ఆ పన్ను నిజంగా ఊగుతుండేదా, రాయిలా ఉండేదా అన్నది ఆ డాక్టరుకే తెలియాలి. దవడ వాచి రెండు రోజులు మాట సరిగ్గా రాలేదు. మాట రాకపోయినా గంజి మాత్రం సైగ చేసి అడిగాడు.

అన్నిటికన్నా విచిత్రం రంజనికి అమ్మవారు పోసినప్పుడు జరిగింది. ఏంబలంలో ఆయన చిన్ననాటి స్నేహితుడు త్యాగరాజన్ కూతురి పెళ్ళి కుదిరింది. ఆ విందులో ఏమేం వడ్డిస్తారో నెల రోజులుగా ఇంట్లో అందరికీ వినిపించాడు. వడల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతే మారిపోయేది. ఇస్త్రీ పంచె చిలక్కొయ్యకు సిద్ధంగా ఉంది. పెళ్ళికి ముందురోజు రంజనికి ఒళ్ళంతా పోసింది. ఆయనకు ఒంటి మీద ఒక్క పొక్కు కూడా లేదు.

“లోపల పోసిందమ్మా. బయటికి రాలా, అంతే” అని వేపాకు పరుచుకుని మనవరాలి పక్కన పడుకున్నాడు.

కొత్త చొక్కా కుట్టించలేదని అలిగి పెళ్ళి మానేశాడనుకుంది నాగకుమారి. ఆమె బుర్రకు అంతకుమించి తట్టలేదు. తట్టకపోవడానికి కారణం కూడా ఉంది. ఒక చేత్తో చంటివాడు ఉదయ్‌ని ఎత్తుకుని, ఇంకో చేత్తో అయిదు గిన్నెల్లో గంజి పోసే మనిషికి ఎదుటివాడి మనసులోకి తొంగిచూసే తీరిక ఎక్కడుంటుంది? కానీ ఇప్పుడు ఆ సాకు తనకు తానే చెప్పుకుంటే ఆమెకే రుచించదు.

కిందటి కార్తీకంలో ఆ రోజు వచ్చింది. నాలుగు రోజులుగా వాన. ఉతికిన బట్టలు ఆరక వంటింట్లోనూ తాడు కట్టాల్సి వచ్చింది. ముగ్గురు పిల్లలకు జ్వరం. నాలుగోవాడు జ్వరం లేదన్న బాధతో ఏడుస్తున్నాడు. పక్కింటి తిలగం అత్త పరామర్శకు వచ్చి కుర్చీలో కూర్చుంది. అప్పుడు పద్మనాభన్ కణతలు నొక్కుకుంటూ వచ్చి, తనకూ జ్వరమేనని, కావాలంటే కొలిచి చూసుకోమని అన్నాడు.

నాగకుమారి థర్మామీటరు ఇచ్చి వెనక్కి తిరిగింది. ఎందుకో మళ్ళీ చూసింది. ఆయన దాన్ని కాఫీ గ్లాసులో ముంచి కూర్చున్నాడు.

అది మీట నొక్కితే అంకె చూపే కొత్త రకం. నూట ఎనిమిది దాటితే దానికి కూడా ఏం చెప్పాలో తెలియక హెచ్ అనే అక్షరం చూపి ఊరుకుంటుంది. హెచ్ చూపింది. నాలుగు రోజుల వాన, ఆరని బట్టలు, మూడేళ్ళ గంజి అన్నీ కలిసి నాగకుమారి నోటికి వచ్చేశాయి.

“చూడండర్రా. ఇంత జ్వరం ఉన్న మనిషి ఎక్కడా బతకడు. మీ తాతకి జ్వరమూ లేదు, ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. అన్నీ అబద్ధాలే.” ఆయన వైపు తిరిగింది. “నేను కన్నది నలుగుర్నే మామయ్యా. అయిదోవాడికి చాకిరీ చేసే ఓపిక నాకు లేదు.”

మణికంఠ పకపకా నవ్వాడు. తిలగం అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రంజని నవ్వలేదు.

“నిజమేనమ్మా” అన్నాడు పద్మనాభన్. “నాకేమీ లేదు.” లేచి చాప చుట్టి గోడకు ఆనించాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని నాగకుమారికి ఆ పూటే అనిపించింది. అయినా క్షమించమని అడగలేదు. రేపు అడుగుదామనుకుంది. మర్నాడు చూస్తే ఆయన పూర్తి ఆరోగ్యంగా ఉన్నాడు.

ఆ ఆరోగ్యం చూసి తీరాల్సిందే. పొద్దున్నే బీచ్ రోడ్డులో రెండు సార్లు అటూ ఇటూ నడిచి వచ్చేవాడు. సంతకు వెళ్ళి కూరలు తెచ్చేవాడు, ఉదయ్‌కి స్నానం చేయించేవాడు. ఎలా ఉన్నారు మామయ్యా అంటే, “నాకేమమ్మా, గుండ్రాయి మాదిరి ఉండాను” అనేవాడు. ఏ పిల్ల దగ్గినా గడప దాటి బయటికి పోయి, దగ్గు ఆగాక వచ్చేవాడు. నాగకుమారి కోరుకున్న చేతిసాయం అదే. అది దొరికాక ఇల్లు బోసిగా కనిపించడం ఆమెకు అర్థం కాలేదు.

మరొకటి కూడా అర్థం కాలేదు. పిల్లలకు మందు తాగించడం యుద్ధమైపోయింది. చెంచా చూస్తే నాగశ్రీ బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకునేది. మణికంఠ మాత్రను నాలుక కింద దాచి పూలకుండీలో ఉమ్మేవాడు. వయసు పెరిగేకొద్దీ మొండికేస్తున్నారని ఆమె అనుకుంది.

మాఘంలో రంజనికి పచ్చకామెర్లు వచ్చాయి.

“దీనికి తిండే మందు” అంది డాక్టరమ్మ. “నూనె, కారం వద్దు. గంజి, మజ్జిగ, పండ్లు కొంచెం కొంచెంగా లోపలికి పోవాలి. మూడు వారాలు. రేపటికి కూడా ఏమీ తినకపోతే ఆస్పత్రిలో చేర్చి సెలైను ఎక్కించాల్సి వస్తుంది.”

రంజని నోరు తెరవలేదు. బతిమాలినా, బొమ్మ కొనిస్తానన్నా, కసిరినా పెదాలు బిగించే ఉంది. అయిదేళ్ళ పిల్ల, రెండు రోజుల్లో పుల్లలా అయిపోయింది. నాగకుమారి గంజి గిన్నె కింద పెట్టి ఏడ్చేసింది.

“ఎందుకే తినవు? ఏం కావాలి నీకు?”

“నాకు మొత్తం వచ్చేసిందిమా” అంది రంజని నీరసంగా.

“ఏంటి మొత్తం?”

“జబ్బు. ముందు తాత సగం ఎత్తుకునేది. మిగిలిన సగమే నాది. సగమంటే బిన్నా, రెండు దినాల్లోనే పోతాది. ఇప్పుడు తాతకు రాదని నువ్వే చెప్పినావు గదా. మొత్తం నాకే ఉండాది. కంజి తాగినా పోదు.”

నాగకుమారికి చెవిలో లైటు, బట్టతల మీద దువ్వెన, కాగితంలో పన్ను ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. నెల రోజులు కలవరించిన వడలను వదులుకుని వేపాకు మీద పడుకున్న మనిషిని కొత్త చొక్కా కోసం అలిగాడనుకుంది తను. అన్నీ అబద్ధాలని పిల్లల ముందే, పక్కింటావిడ ముందే అంది.

పద్మనాభన్ గేటు దగ్గర చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. ఆమె వెళ్ళి పక్కన నేల మీద కూర్చుంది.

“మామయ్యా, మీరొక్కసారి దాని పక్కన పడుకోండి. మీకూ వచ్చిందని చెప్పండి.”

“చెప్తే నమ్మదమ్మా.” ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెకు ఇంకా కష్టంగా ఉంది. “నాకేమీ రాదని నువ్వు చెప్పినావు. బిడ్డలు నీ మాటే నమ్ముతారు. నమ్మాల గూడా. ఆ కాపీలో ముంచింది నా తప్పే. దొంగలెక్క సూపకుండా ఉండాల్సింది.”

“మీది కాదు మామయ్యా తప్పు.”

“పావం, చిన్న బిడ్డ” అన్నాడాయన. చేతిలో కాయ వలవడం మరిచిపోయాడు.

నాగకుమారి లేచి, ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. నలుగురు పిల్లలూ గదిలోనే ఉన్నారు. ఆయనను కిటికీ దగ్గర నిలబెట్టి, కింది రెప్ప లాగి, డాక్టరమ్మ చూసినట్టే చాలాసేపు చూసింది. పిల్లల దగ్గర ఆమె ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. ఉదయ్‌కి చందమామ అందదని కూడా నిజమే చెప్పిన మనిషి.

“మామయ్యా, మీ కళ్ళు పచ్చగా ఉన్నాయి” అంది.

“అట్నా?” అన్నాడు పద్మనాభన్ నిజంగానే ఉలిక్కిపడి.

“అమ్మా, తెల్లగానే ఉండాయి గదా” అన్నాడు మణికంఠ.

“సరిగ్గా చూడరా. ఆ వాన రోజు నేను కూడా సరిగ్గా చూడలేదు. తాతకి ఏమీ లేదని నోటికొచ్చినట్టు అనేశాను. తప్పు నాది.”

మణికంఠ తల్లి మొహం చూశాడు, చెల్లెలి మొహం చూశాడు. తర్వాత తాత కంటిలోకి వంగి, “అవునుమా. ఓరంలో పచ్చగా ఉండాది” అన్నాడు.

రంజని తల ఎత్తింది. “ఎంత వచ్చింది తాతా?”

“సగం. సరింగ సగం” అంటూ ఆయన గోడ దగ్గరి చాప తెచ్చి పరుచుకున్నాడు. నాగకుమారి రెండు గిన్నెల్లో గంజి తెచ్చింది. ఆయన ఒక చెంచా తాగి మొహం చిట్లించాడు. రంజని అది చూసి, నోరు తెరిచింది.

అయిదో రోజు పొద్దున, పెద్దవాళ్ళిద్దరూ బడికి పోయాక, రంజనీ ఉదయ్ నిద్రపోతుండగా, నాగకుమారి మినప్పప్పు రుబ్బి వడలు వేసింది. క్షమించమని అడగడానికి ఆమెకు తెలిసిన దారి అదే. రెండు వడలు పళ్ళెంలో పెట్టి మామయ్యను వంటింట్లోకి పిలిచింది.

“తినండి మామయ్యా. ఎవరూ చూడరు. ఇన్నాళ్ళూ మీ నోరు కట్టేశాను.”

పద్మనాభన్ వడల వైపు చాలాసేపు చూశాడు. ఒకదాన్ని వేలితో తాకి, కరకరలాడుతోందని నిర్ధారించుకుని, పళ్ళెం పక్కకు జరిపాడు.

“పచ్చకామెర్లలో నూనె తగలగూడదమ్మా.”

“మీకు లేవు కదండీ.”

“సగం ఉండాదని బిడ్డకు సెప్పినాము గదా, నువ్వూ నేనూ. లేస్తానే ‘ఏం తిన్నావు తాతా’ అని అడుగుతాది. అప్పుడు అబద్ధం సెప్పమంటావా?”

నాగకుమారి తలొంచుకుంది. ఈ మనిషినా తను అబద్ధాలకోరన్నది?

“ఇంగా ఎన్నాళ్ళమ్మా?” అని అడిగాడాయన, వడల వైపు చూడకుండా.

“పదహారు రోజులు మామయ్యా.”

ఆయన పెద్దగా నిట్టూర్చాడు. “ఆ కంజిలో ఉప్పు రెండు పలుకులు ఎక్కువ వెయ్యొచ్చేమో, డాక్టరమ్మను రోంత అడిగి సూడు.”

“అడుగుతాను” అంది నాగకుమారి కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. “మీ ఇద్దరికీ అడుగుతాను.”