నేను దిద్దిన నాలుగు వాక్యాలు

పత్రికలో పనిచేసేవాడికి ఏలూరులో జీతం లేని ఉద్యోగం ఇంకొకటి ఉంటుంది: అర్జీలు రాయడం. రేషన్ కార్డు దగ్గర్నుంచి చెరువు గట్టు తగాదా దాకా, వీధిలో ఎవరికి ఏ చిక్కు వచ్చినా కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవారు. నలుగురికీ పనికొస్తున్నానని సంబరపడేవాణ్ణి.

మా ఇంటి ఓనరు రిటైరైన హెడ్మాస్టారు. మేడ మీద ఉండేవారు. కూతురు భర్తతో విడిపోయి, ఎనిమిదేళ్ళ పాపను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. అల్లుడిది ఆకివీడు, చేపల చెరువుల మీద బతుకు. కేసు తేలేదాకా ఆదివారాలు పాప తండ్రితో గడపవచ్చని కోర్టు చెప్పింది. అతను పొద్దున్నే బండి మీద వచ్చి తీసుకెళ్ళి, సాయంత్రం దింపేవాడు. కొల్లేటి పక్షుల కబుర్లు పాప మెట్లెక్కుతూనే మొదలుపెట్టేది.

ఆ ఆదివారాలు ఆపించాలని మాస్టారి పట్టుదల. జడ్జిగారు పాపతో విడిగా మాట్లాడతారని తాడేపల్లిగూడెం నుంచి వచ్చే వకీలు చెప్పాక, ఒక కాగితంతో కిందికి దిగారు.

"ఏవండీ, కాస్త చూసిపెట్టాలి. పాప అక్కడ చెప్పాల్సింది. నేను రాస్తే పరీక్ష పేపర్లా ఉందంటోంది మా అమ్మాయి."

నాలుగు వాక్యాలు. మొదటి దాంట్లోనే 'తండ్రి గృహమందలి అపరిశుభ్ర వాతావరణము' అని ఉంది.

"పిల్ల ఇలా అనదండీ," అన్నాను.

"మరెలా అంటుందండీ?"

"'నాన్న దగ్గర చేపల కంపు. నాకు వాంతొస్తుంది' అంటుంది."

"అదీ. అందుకే కదండీ మీ దగ్గరికొచ్చింది."

ఆ మాటకి పొంగిపోయి మిగతా మూడూ దిద్దాను. ఇందులో నిజమెంత అని అడగలేదు. పేపర్లో ప్రతి వార్తకీ ముందు అడిగే ప్రశ్న అదే.

నాలుగు రోజులు మేడ మీంచి పాప గొంతు వినబడింది, పద్యం వల్లె వేసినట్టు. కోర్టు రోజున నన్నూ తోడు రమ్మన్నారు. లోపల పది నిమిషాలు పట్టింది. పాప బయటికొచ్చి తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"మీరు రాసిందంతా చెప్పేశానండీ. ఒక్క తప్పూ పోలేదు. బాగా చెబితే అడిగింది ఇస్తానన్నారు తాతయ్య. ఈ ఆదివారం నాన్నతో పొద్దుపోయేదాకా పక్షుల దగ్గర ఉండొచ్చాండీ?"

నేను మాస్టారి వంక చూశాను.

"చిన్నపిల్లండీ. నాలుగు రోజుల్లో మరిచిపోతుంది," అన్నారాయన, క్యారేజీ మూత తీస్తూ. తల్లి పాప జడ సరిచేస్తూ తల ఎత్తలేదు. లోపలికెళ్ళి ఉన్నమాట చెప్పాలంటే పది అడుగుల దూరం. వెళ్ళలేదు. మాస్టారు పెట్టిన పులిహోర తిన్నాను.

ఆదివారాలు పోయాయి. ఇకమీదట నెలకోసారి, శనివారం పూట, కోర్టు ఆవరణలోనే ఒక గంట.

ఆ మొదటి శనివారం వేరే వార్త పని మీద కోర్టుకు వెళ్ళాను. వరండా బెంచీ మీద తండ్రి కూర్చుని ఉన్నాడు. మడతల గీతలు పోని కొత్త చొక్కా, మెడ నిండా పౌడరు, మెట్ల దాకా సెంటు వాసన. నేను మాస్టారింట్లో అద్దెకుంటానని అతనికి తెలుసు కనక లేచి నిలబడ్డాడు.

"ఒక్క మాటండి. పాప ఏమందో మా వకీలుగారు చెప్పారండి. నిన్నట్నుంచి చెరువు గట్టు ఎక్కలేదు. మూడుసార్లు స్నానం చేశాను." చొక్కా చెయ్యి నా మొహం దగ్గరికి తెచ్చాడు. "ఇంకా వస్తోందాండీ కంపు?"

"లేదండీ," అన్నాను.

గేటు దగ్గర ఆటో ఆగింది. మాస్టారు ముందు దిగి, జేబులోంచి రుమాలు తీసి, మడత పెట్టి, పాప చేతికిచ్చారు. ముక్కుకి ఎలా అడ్డం పెట్టుకోవాలో చూపించారు.