కుక్కర్లో ఫోను

ఆ వీధిలో అందరికీ ఆమె టైలరమ్మే. కుట్టడం ఎవరైనా కుడతారు, కత్తిరించడమే అసలు పని అని ఆమె గర్వం. ఆ గర్వం ఉత్తదేమీ కాదు, కత్తిరింపు ఆమెకు కొట్టిన పిండి. అలాంటి మనిషి ఒక పొద్దున్న ఒకే కోటుకు రెండు ఎడమ చేతులు కత్తిరించి తల పట్టుకుని కూర్చుంది.

తప్పెవరిదని అడిగితే ఫోనుదే అంటాను నేను. కళ్ళు తెరవగానే, ఇంకా దుప్పట్లోంచి కాలైనా బయట పెట్టకుండా, కుటుంబం గ్రూపు చూడటం ఆమె అలవాటు. ఆ రోజు వదిన, అంటే భర్తకు అక్క, అందులో ఇలా పెట్టింది: "కొంతమంది ఇంటికెళ్తే కుట్టుమిషను చప్పుడే గానీ మంచినీళ్ళిచ్చే దిక్కుండదు." పేరు రాయలేదు. రాయక్కర్లేదు కూడా. టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. మొహం కడుక్కుంటూ ఒక జవాబు, జడ వేసుకుంటూ ఇంకో జవాబు మనసులో అల్లుకుంటూ బల్ల దగ్గరికొచ్చింది. ఒక చెయ్యి కత్తిరించాక, చెయ్యి ఆకారంలో కోసుకున్న కొలతల కాగితాన్ని తిరగేసి పెడితేనే రెండో చెయ్యి వస్తుంది. వదిన గొడవలో పడి కాగితం తిరగేయడం మరిచిపోయింది.

కోటు తాలూకు ఆవిడ నాలుగు మాటలని వెళ్ళిపోయింది. భర్త ఊరుకున్నాడా, నవ్వుతూ ఆ సంగతి అక్క చెవిన వేశాడు. ఇంకేముంది! 'ఎడంచేతుల టైలరు' అని గ్రూపంతా పాకింది. అప్పటినుంచి లేవగానే ఈవేళ ఏమన్నారో అని చూడటం, కత్తెర పట్టగానే చేతి వణుకు. చివరికి వచ్చిన గుడ్డలన్నీ ఎదురు కొట్టు కటింగ్ మాస్టరుకు పంపి, ఆయన కత్తిరించినవి కుట్టి సరిపెట్టుకునేది. కత్తెర పట్టనిదాన్ని నేనేం టైలర్నని ఆమెకు లోలోపల ఏడుపొచ్చేది.

అలాంటి రోజుల్లో పాటల టీచరు నీలం ముఖమల్ గుడ్డతో వచ్చింది. మొదటిసారి వేదికెక్కి పాడబోతోందట, కోటు కావాలి.

"షాపులో ఈ ఒక్క ముక్కే మిగిలిందన్నారు. మీరే కత్తిరించాలండీ. ఎదురు కొట్టుకి పంపేటట్టయితే ఇప్పుడే చెప్పండి, తీసుకెళ్ళిపోతాను."

టైలరమ్మ బల్ల మీది కత్తెర వంక భయంగా చూసింది. అయినా "నేనే కత్తిరిస్తాను" అనేసింది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు ఫోనును ఖాళీ కుక్కర్లో పెట్టి మూత బిగించింది.

"అదేంటి, ఫోను ఉడకబెడుతున్నావా?" అన్నాడు భర్త.

"మీ అక్క మాటలు కాస్త మెత్తబడతాయేమోనని."

తెల్లవారగానే చెయ్యి దానంతటదే దిండు కింద వెతికింది. ఏమీ తగల్లేదు. ఏమన్నారో, ఏమీ అనలేదో! వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, తనను తానే తిట్టుకుని వెనక్కొచ్చింది. కిటికీ తెరిచింది. బల్ల తుడిచి గుడ్డ పరిచింది. ముఖమల్ మీద నూగు ఒకవైపుకే వాలుతుంది, ఎటో అరచేత్తో నిమిరి చూసుకుంది. తల నిండా ఆ గుడ్డ తప్ప ఇంకేమీ లేదు. అబ్బ, ఎన్నాళ్ళకు ఆ హాయి!

మొదటి చెయ్యి తెగింది. కాగితం తిరగేసింది, నూగు మళ్ళీ చూసుకుంది, సుద్దతో గీసి కత్తెర పెట్టింది. సగం దాకా వచ్చిందో లేదో, కుక్కర్లో ఫోను మోగింది. భర్త పరుగున వెళ్ళి దాన్ని పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మా అక్క. పొద్దుట్నుంచీ గ్రూపులో కనబడలేదట, అలిగావా అని అడుగుతోంది."

"కత్తెర గుడ్డలో ఉందండీ. ఎవరైనా ఆగాల్సిందే."

తల ఎత్తలేదు. చెయ్యి వణకలేదు. భర్త కాసేపు ఆ చేతినే చూశాడు. "పనిలో ఉందక్కా, తర్వాత చేస్తుంది" అని చెప్పి, ఫోను మళ్ళీ కుక్కర్లో పడేసి ఈసారి మూత తనే బిగించాడు. ఆ మాత్రం బుద్ధి ఆయనకు ఆ పూటే పుట్టిందని నా నమ్మకం.

తెగిన రెండు చేతులనూ నూగు లోపలికి వచ్చేలా ఒకదాని మీద ఒకటి వేసింది. అంచుకు అంచు అతికినట్టు సరిపోయింది. ఒకటి ఎడమ, ఒకటి కుడి. "ఏవండీ!" అని ఆమె పెట్టిన కేకకు భర్త ఏం కొంప మునిగిందోనని పరుగెత్తుకొచ్చాడు. ఆమె నవ్వుతోంది, కళ్ళనీళ్ళు కారుతున్నాయి.

పాటల టీచరు ఆ కోటు తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తి, అద్దం ముందు గొంతెత్తి పాడింది. ఎక్కడా పట్టెయ్యలేదు, భుజం మీద ఒక్క ముడత పడలేదు.

ఆమె అటు వెళ్ళగానే టైలరమ్మ రోడ్డు దాటి ఎదురు కొట్టు మెట్లెక్కింది.

"మాస్టారూ, మీ దగ్గరున్న నా గుడ్డలు ఇచ్చెయ్యండి."

"ఇంకా కత్తిరించలేదమ్మా, సాయంత్రానికి..."

"అందుకే ఇమ్మంటున్నాను."

మాస్టరు ఆమె మొహంలోకి చూశాడు. మూట తెచ్చి చేతికిచ్చి, "రేపట్నుంచి నువ్వే అన్నమాట" అన్నాడు.

"నేనే. పొద్దున పూట నాతో పనిపడితే మనిషిని పంపండి మాస్టారూ, ఫోను మాత్రం చెయ్యకండి."