అద్దాలకే ఇన్సూరెన్స్, ఫ్రేముకు కాదు

ఇక్కడ గల్ఫ్‌లో నా రూమ్మేట్ రాజన్న తాపీమేస్త్రీ. ఈమధ్య చూపు తగ్గి గోడలు వంకర కడుతున్నాడు. మళ్లీ వంకర వస్తే సామాన్ మోసే పనిలో వేస్తానని ఫోర్‌మన్ బెదిరించాడు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఈ రోజు జింజ్ ఏరియాలోని కళ్లద్దాల షాపుకు తీసుకెళ్లాను.

కౌంటర్లో ఉన్న హైదరాబాదీ సలీం భాయ్ కార్డు చూసి, "అన్నా, మీ పాలసీల అద్దాలు వస్తయ్, ఫ్రేము రాదు. అది అందం కిందికొస్తదట" అన్నాడు.

రాజన్న వెంటనే అడిగాడు. "మరి అద్దాలు చేతులతోని పట్టుకుంటె తాపీ ఎవరు పడ్తరు భాయ్?"

సలీం భాయ్ నవ్వాపుకుంటూ, ఎవరూ కొనక సొరుగులో పడి ఉన్న ఫ్రేము ఒకటి ఊరికే ఇచ్చాడు. గులాబీ రంగు, అంచుల్లో మెరిసే రాళ్లు. "ఆడోళ్లది. కానీ మజ్బూత్ ఉంటది, ఇరగదు" అన్నాడు.

అద్దాలు బిగించాక రాజన్న ఎదురు బోర్డు చివరి అక్షరం దాకా చదివి మురిసిపోయాడు. ఆ సంతోషంలో అక్కడి నుంచే భార్యకు వీడియో కాల్ చేశాడు. ఆమె ఆ గులాబీ ఫ్రేము చూసి ఒకటే అడిగింది. "అయి ఎవరియి?"

ఇప్పటికి మూడుసార్లు సాక్ష్యం చెప్పాను, వదిన నమ్మడం లేదు. కాపురానికి కూడా కవరేజీ ఉన్న పాలసీ మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి.