పత్యంలో మిగిలిన నూనె

రెండువేల ఏడు, మా తమిళ సీమ లెక్కలో ఆడి మాసం రెండో శుక్రవారం, పొద్దున పది గంటలు. మా పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన మా వదిన, అంటే మా ఇంట్లోనే ఉండే నా మొగుడి అక్క, నా ఏడాదిన్నర మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నువ్వుల నూనె రాస్తోంది. ఇన్ని నెలలుగా ఇంటిల్లిపాదికీ అందని సంగతి ఒకటి మా కోడలు ఆ పూటే పట్టుకుంది.

యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆ కోడలే. హోసూరు వైపు పిల్ల, తెలుగు బడిలో చదివింది. అక్షరాలు నేర్పినందుకు పొగుడుతున్నానని అనుకోవద్దు. అది ఏ పంతులమ్మయినా చేస్తుంది. పాప విషయంలో ఆమె చేసిన పని వేరే ఎవరూ చెయ్యగా నేను చూడలేదు.

పాపకు అన్నం పెట్టడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకే ఒంటి మీద దద్దుర్లు లేచాయి. బుగ్గల మీద, మెడ మడతల్లో, మోకాళ్ళ వెనక. నెత్తురు వచ్చేదాకా గోక్కునేది. మొదట వేడి అన్నాము. తర్వాత దిష్టి తీశాము. అమ్మవారేమోనని వాకిలికి వేపాకు కట్టాము. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక తిండి పేరు చెప్పారు, చెప్పినదల్లా మానిపించాము. గుడ్డు పోయింది, వేరుశనగ పోయింది, వంకాయ, చేప, కందిపప్పు, చివరికి ఆవుపాలూ పోయాయి. తల్లిపాలు కాక మిగిలింది మెత్తటి అన్నం, మిరియాల చారు, ఇడ్లీ.

మా వైపు పత్యం అంటే ఇంతే. అన్నీ మానిపిస్తారు, నువ్వుల నూనె మాత్రం మానిపించరు. అది చలవ. బాలింతకు అదే, జ్వరం తగ్గి లేచినవాడికీ అదే. పైగా మా నువ్వులు మా మెట్ట చేలో పండినవి, పాలక్కోడు గానుగలో నా మొగుడు దగ్గర నిలబడి ఆడించుకొచ్చినవి. ఇడ్లీ గుంటలకు అదే పూస్తాము, చారు తాలింపుకు అదే వేస్తాము. దద్దుర్లు లేస్తే వాటి మీద కూడా అదే రాస్తాము.

పాప చిక్కిపోయింది. చెయ్యి పైకెత్తితే గాజులు మోచేతి దాకా జారేవి. నడక వచ్చిన పిల్ల నాలుగడుగులు వేసి కూర్చుండిపోయేది. దద్దుర్ల కంటే కోడలికి ఆ కూర్చోవడమే భయం. ధర్మపురిలో పిల్లల డాక్టరు దగ్గరికి నన్ను తోడు తీసుకుపోయి అడిగింది. ఆయనతో మాట్లాడింది అరవంలో, మాట మాత్రం ఇది: "దీనికి ఏమి పెట్టకూడదని అందరూ చెప్తా ఉండారు సార్. ఏమి పెట్టొచ్చో మీరు చెప్పండి."

ఆయన నిదానంగా చెప్పాడు. అన్నీ ఒక్కసారే తీసేస్తే దేని వల్ల వస్తున్నదీ తెలియదు, పిల్లకు బలమూ ఉండదు. ఒకటి తీసి చూడాలి, తగ్గకపోతే అది కాదని మళ్ళీ పెట్టాలి. గుడ్డు, వేరుశనగ లాంటివి మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు మాత్రం ఇంట్లో వద్దు, ఇక్కడికి తెచ్చి తన ఎదురుగా పెట్టాలి.

వినడానికి సులువుగానే ఉంది. మా ఇంట్లో నడవాలి కదా! మానిపించినవి తిరిగి పెడతానంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. సరే, ముందు ఉన్నవాటి సంగతి చూస్తానని కోడలు ఒక కట్టుబాటు పెట్టింది. పాప నోట్లోకి ఏది పోయినా తన చేతి మీదుగానే పోవాలి. మా వీధిలో చంటిపిల్ల కనిపిస్తే నోట్లో ఏదో ఒకటి పెట్టకుండా పోయేవాళ్ళు ఉండరు. వాళ్ళందరికీ కోపం వచ్చింది. వదినకు మరీ వచ్చింది.

"ఏమే, నలుగురు బిడ్డల్ని సాకిన చెయ్యి ఇది. ఒక మురుకు ముక్క పెడితే నీ బిడ్డ చచ్చిపోతాదా?"

"చావదు పెద్దత్తా, గోక్కుంటాది. అప్పుడు మీరు ఎత్తుకోని తిరగతారా?"

"తిరగతాలేవే. నాకేమి కాళ్ళు లేవా?"

"ఎందుకు లేవు? వాకిలి ఊడ్చేటప్పుడు మాత్రమే కదా నొచ్చేది!"

అరుగు మీద నా మొగుడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వదిన విసురుగా లోపలికి పోయింది.

ఎండాకాలంలో కోడలు పాపను తీసుకుని పుట్టింటికి పోయింది. అక్కడ పాప ఒళ్ళు నున్నబడింది. తిరిగొచ్చిన కొద్ది రోజులకే మళ్ళీ లేచాయి. "మా ఇంటి నీళ్ళు పడలేదని చెప్పనీకి ఇంత నాటకమా?" అని వదిన గొంతెత్తింది. కోడలు గొడవ పెట్టుకోలేదు. ఆ నీళ్ళ మాటే పట్టుకుని పాపకు వేరే బావి నీళ్ళు తెప్పించి చూసింది. సబ్బు మార్చింది. ఆవుల కొట్టం వైపు పోనివ్వలేదు. ఏది మార్చినా కొన్నాళ్ళు ఓపిక పట్టేది. అది కాదని తేలితే మొహం దాచుకోకుండా నా దగ్గరికి వచ్చి, "ఇది కూడా కాదత్తా, నేను అనుకున్నింది తప్పు" అనేది. అంతకుముందు మా ఇంట్లో ఆ మాట అన్నవాళ్ళు లేరు. నన్నూ కలుపుకునే చెబుతున్నాను.

ఇక ఆ శుక్రవారం. ఆడపిల్లలకు శుక్రవారం తలంటు. ప్రతి వారం పొద్దున ఇడ్లీ తినిపించాకే పాపకు నూనె రాసేవాళ్ళం. ఒళ్ళు దద్దురెక్కితే నేరం ఇడ్లీ మీదికో, పిండి పులుపు మీదికో పోయేది. ఆ రోజు మారియమ్మకు రాగి అంబలి కాస్తున్నాము, నైవేద్యం అయ్యేదాకా పొయ్యి మీదికి వేరే ఏదీ ఎక్కలేదు. పాప తల్లిపాలు తాగి ఆడుకుంటోంది. వదిన ఇత్తడి గిన్నెతో నూనె తీసుకుని కూర్చుంది. వీపుకు రాసింది, పొట్టకు రాసింది, చేతులకు రాసింది. పాప నూనె పిడికిలి నోట్లో పెట్టుకుంది.

చూస్తుండగానే వీపంతా ఎర్రగా ఉబ్బింది. పెదవి లావెక్కింది.

"ఎవురు పెట్టినారు? ఏమి పెట్టినారు? నిజం చెప్పండి!" అని వదిన అరిచింది.

కోడలు తెడ్డు చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. పాపను చూసింది, గిన్నెను చూసింది.

"చెయ్యి తీయండి పెద్దత్తా. ఆ నూనె."

"నీకు మతి పోయిందా? పుండు పడినోళ్ళకి కూడా ఇదే కదే రాసేది!"

"పొద్దున్నించీ దీని నోట్లో వేరే ఏమీ పడలేదు. చూడండి, మీ చెయ్యి పోయిన చోటంతా లేచినాయి. కాళ్ళకి మీరింకా రాయలేదు, కాళ్ళు బాగుండాయి."

అందరమూ పాప కాళ్ళు చూశాము. ఒక్క మచ్చ లేదు. వదిన నూనె చేతులు కొంగుకు తుడుచుకుంది.

కోడలు సబ్బు నీళ్ళతో నూనె కడిగి, పాపను తువ్వాలులో చుట్టి, "మామా, ఆటో" అంది. నా మొగుడు చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. ధర్మపురిలో డాక్టరు వెంటనే సూది వేశాడు. పెదవి తగ్గేదాకా, ఆ తర్వాత సాయంత్రం వరకూ అక్కడే ఉంచుకున్నాడు. కోడలు కాళ్ళ సంగతి చెబితే ఆయన పాప కాళ్ళూ వీపూ తిప్పి తిప్పి చూశాడు. దీన్ని మళ్ళీ పెట్టి పరీక్షించే పని లేదు, ఒళ్ళే చెప్పింది అన్నాడు. నువ్వులు ఏ రూపంలోనూ పాప దగ్గరికి రాకూడదు, మిగతావి తన ఎదురుగా ఒక్కొక్కటే మొదలుపెడదాం అన్నాడు.

"మిగతావన్నీ తినొచ్చునా సార్?" అని అడిగి, ఆయన తల ఊపేసరికి కోడలు బల్ల మీద కూలబడి ఏడ్చింది. అన్ని తిట్లు పడినప్పుడు రాని ఏడుపు.

ఇంటికొచ్చి చూస్తే నువ్వులు లేనిది ఏదీ లేదు. ఇడ్లీ పొడిలో, మురుకుల్లో, ఊరగాయలో అన్నిట్లోనూ ఉన్నాయి. కోడలి పుట్టింట్లో వాడేది పొద్దుతిరుగుడు నూనె, అక్కడ పాప ఒళ్ళు ఎందుకు నున్నబడిందో అప్పుడు తెలిసింది. నూనె డబ్బాలు నా మొగుడే మోసుకుపోయి గుడి దీపాలకు ఇచ్చి వచ్చాడు. వదిన ఇడ్లీ పళ్ళేలు ముందేసుకుని చింతపండూ బూడిదా పెట్టి తోమింది. "ఒప్పుకున్న్యానని అనుకోబాకు, జిడ్డు పట్టింది కాబట్టి తోమతా ఉండా" అంది. వారం తర్వాత కూడా తోముతూనే ఉంది.

తర్వాత ఆస్పత్రి బల్ల మీద కూర్చుని పాప గుడ్డు తినింది. మరో రోజు వేరుశనగ తినింది, ఆవుపాలు తాగింది. ఏమీ కాలేదు. కందిపప్పు అన్నంలో నెయ్యి వేసి పెట్టిన రోజు గిన్నె అడుగు గీకి చూపించి ఇంకా కావాలంది. కార్తీకానికి కోడి వెంట పరుగెత్తుతోంది, పట్టుకోలేక నాకు ఆయాసం.

ఇప్పుడు మా వీధిలో ఎవరిని కదిలించినా నూనె మీద అనుమానం మొదటినుంచీ తమకే ఉందంటారు. అందుకే రాసి పెడుతున్నాను. ఆ రోజు పెరట్లో ఉన్నది: నూనె రాసిన మా వదిన, అరుగు మీద నుంచి లేచి వచ్చిన నా మొగుడు, మజ్జిగకు వచ్చి గిన్నె పట్టుకుని నిలబడిపోయిన పక్కింటామె, నేను, పాప, పాప కాళ్ళు అందరికంటే ముందు చూసిన మా కోడలు. మా కొడుకు లారీ మీద సేలంలో ఉన్నాడు. ఇంకెవరూ లేరు.