సగిలేరు దాటాల్సిన బండి

1946. యుద్ధం ముగిసి ఏడాది దాటింది. గిద్దలూరులో రైల్వే గేటుకు ఇవతల, రేకుల షెడ్డులో నా మోటారు రిపేరు దుకాణం ఉండేది. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు తగిలించి నడిపేవాళ్ళు. ఆ పొయ్యిల మసి తుడిచీ తుడిచీ నా చేతిగీతలు నల్లబడిపోయాయి. యుద్ధం ఆగినా పెట్రోలు కూపన్లు మాత్రం ఆగలేదు. నెలకు ఇంత అని ఇచ్చేవాళ్ళు. అవి అయిపోతే బండి ఎంత మంచిదైనా కొట్టంలో కట్టేసుకోవాల్సిందే.

అదే సమయంలో మిలిటరీవాళ్ళు వాడి వదిలేసిన బండ్లు వేలంలో అమ్ముడై మా వైపుకు వస్తున్నాయి. వాటిని డిస్పోజల్ బండ్లు అనేవాళ్ళం. ఎద్దుల బండి తప్ప ఎరగని రైతులు కూడా పాత మోటారు చూసిపెట్టమని నా దగ్గరికి రావడం మొదలైంది. అట్లా వచ్చినవాళ్ళలో నేను మరిచిపోలేనిది ఓబులమ్మ, తిరుపాలయ్య దంపతులను.

వాళ్ళది సగిలేరుకు అవతల, నల్లమల అంచున ఒక చిన్న పల్లె. సొంత భూమి చేసుకునే రైతులు. వానలు తగ్గుముఖం పట్టే వేళకు సీతాఫలం చెట్లు వేలం పాటలో తీసుకుని, కాయ కోయించి, గంపలకెత్తి గిద్దలూరు స్టేషనుకు తోలేవాళ్ళు. సాయంత్రం గుంటూరు వైపు పోయే రైలుకు ఆ గంపలు ఎక్కాలి. ఎద్దులు ఏటి ఇసుకలో బండిని ఈడ్చుకుంటూ వచ్చేసరికి ఒక్కోసారి రైలు వెళ్ళిపోయేది. సీతాఫలం నిమ్మకాయలాంటిది కాదు. ఒక రోజు ఎక్కువ ఆగిందంటే మెత్తబడి, పగిలి, గంప అడుగున గుజ్జయిపోతుంది. ఇంకా ఇట్లాగే సరుకుకు రైలు తప్పుతూ ఉంటే మరొకరిని చూసుకుంటానని గుంటూరు వ్యాపారి గట్టిగా చెప్పేశాడట.

"అందుకే మోటారు కొందామనుకున్నాం మేస్త్రీ," అన్నాడు తిరుపాలయ్య. "కంభంలో ఒక చిన్న బండి ఉందంట. గ్యాలను పోస్తే చానా దూరం పోతాదంట."

"మార్కాపురంలో ఇంకోటి ఉంది. మిలిటరీది," అంది ఓబులమ్మ. "ఏనుగు మాదిరి ఉంటాదంట."

"ఏనుగు మాదిరే తాగుతాది."

"తాగనీ. పనిచేసేది తాగదా ఏంది?"

ఇంటి దగ్గర మొదలైన తగువు నా షెడ్డు దాకా నడిచొచ్చిందని అర్థమైంది. వాళ్ళతో పాటు వచ్చిన దేవదానం తలుపు దగ్గర నిలబడి నవ్వుకుంటున్నాడు. అతనిది అదే ఊళ్ళో కూలిపనులు చేసుకునే క్రైస్తవ కుటుంబం. పట్టాళంలో చేరి బర్మా సరిహద్దు దాకా లారీలు తోలి వచ్చాడు. కొనబోయే బండికి డ్రైవరు అతనే.

ముందు కంభం వెళ్ళాం. చిన్న బండి ఇంగ్లండుది. వెనక తొట్టి ఉన్న పికప్పు. పాతదే అయినా యజమాని దానికి కొత్తగా ఆకుపచ్చ రంగు వేయించాడు. నేను హ్యాండిల్ వేసి తిప్పి చూశాను. తిప్పినప్పుడు ఇంజను చేతికి ఎదురు తన్నాలి, ఆ బిగువునే మేము కంప్రెషన్ అంటాం. దీంట్లో అది కాస్త వదులుగా ఉంది. ఇంజను బలాన్ని చక్రాలకు అందించే క్లచ్ ప్లేటు కూడా అరిగింది. ఆ మాటే చెప్పాను.

తిరుపాలయ్యకు అవేవీ పట్టలేదు. "తాగేది ఎంతో చూడు మేస్త్రీ," అన్నాడు.

దానికి మా దగ్గర సీసా పరీక్ష ఉంది. పెట్రోలు ట్యాంకు గొట్టం ఊడదీసి, కొలిచి పోసిన సీసాను పైన కట్టి, దాని నుంచి కార్బురేటర్‌కు గొట్టం పెడతాం. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది కార్బురేటర్. సీసా ఖాళీ అయ్యేలోపు బండి ఎంత దూరం పోతే అదీ దాని పొదుపు. కంభం చెరువు పక్క రోడ్డు మీద వదిలాం. సీసా అయిపోతుందేమో అని చూస్తూ కూర్చున్న తిరుపాలయ్య ముఖం మైలు మైలుకూ వెలిగిపోతోంది. ఆఖరికి బండి ఆగినప్పుడు దిగి దాని బానెట్టును ఎద్దు మూపురం నిమిరినట్టు నిమిరాడు.

"ఇదే మన బండి," అన్నాడు.

"ఇది ఖాళీ బండి అన్నా, రోడ్డు కూడా చదునుగా ఉంది," అన్నాను. "మీ గంపలేసి, మీ ఏట్లో దించి చూసినాకే మాట."

యజమాని ఒప్పుకున్నాడు. రెండు రోజుల తర్వాత వాళ్ళ పల్లెలో తొట్టి నిండా సీతాఫలం గంపలు పేర్చి, మళ్ళీ సీసా కట్టి బయల్దేరాం. దేవదానం తోలుతున్నాడు. పక్కన నేను. దంపతులిద్దరూ వెనక గంపల మధ్య కూర్చున్నారు. ఊరు దాటే దాకా బాగానే ఉంది. దారి ఏటి వైపు గతుకులు పడగానే చిన్న ఇంజను రొప్పడం మొదలుపెట్టింది. బరువు లాగలేని ఇంజనును కింది గేరులో పరిగెత్తించాలి, పరిగెత్తే కొద్దీ అది పెట్రోలు గుటకలేస్తుంది. కంభం రోడ్డు మీద అంత దూరం వచ్చిన సీసా, ఏరు కనబడక ముందే అయిపోయింది.

ఇంకో సీసా కట్టాం. ఇసుకలోకి దిగాం. నడుమకు వచ్చేసరికి ఇంజను అరుస్తోంది, చక్రాలు మాత్రం తిరగడం లేదు. క్లచ్ కాలిన వాసన. రేడియేటర్ మూతలోంచి ఆవిరి బుస్సున లేచింది. దేవదానం స్విచ్ ఆపేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది దేవదానం?" అని వెనక నుంచి తిరుపాలయ్య కేకేశాడు.

"బండి పొదుపు చేస్తా ఉంది అయ్యా. అసలు తాగడంలే."

ఓబులమ్మ నవ్వు ఆపుకోలేక గంప మీద వాలిపోయింది. నేనూ నవ్వాను. తిరుపాలయ్య మాత్రం దిగి, మోకాళ్ళు ఇసుకలో ఆనించి బండి కిందికి తొంగి చూశాడు, అక్కడేదో సమాధానం ఉన్నట్టు. ఎండ ముదిరింది. సీతాఫలం మీది బుడిపెల మధ్య గీతలు తెల్లగా విచ్చుకోవడాన్నే కన్ను విచ్చడం అంటారు, అంటే కాయ పండడానికి దగ్గరపడినట్టు. ఆ రోజు కన్ను బాగా విచ్చిన కాయలే ఎక్కువ, అవి వాసన వేయడం మొదలైంది. ఊళ్ళోకి కబురు పోయి, వాళ్ళ ఎద్దులే వచ్చి బండిని గట్టుకు లాగాల్సి వచ్చింది. రైలు సంగతి అందరం మరిచిపోయాం. ఓబులమ్మ మెత్తబడిన కాయలన్నీ విడిగా తీసి, ఏట్లో బట్టలుతికేవాళ్ళకూ, గొర్రెలు తోలుకుపోయేవాళ్ళకూ పిలిచి పిలిచి పంచింది. నాకూ ఒళ్ళో పోసింది. అందరం గట్టున కూర్చుని గింజలు ఊస్తూ తిన్నాం. కాసేపటికి తిరుపాలయ్య కూడా వచ్చి కూర్చుని ఒక కాయ విప్పాడు.

"తియ్యగా ఉంది," అన్నాడు దిగులుగా. "గుంటూరోళ్ళు తినాల్సింది."

మరుసటి వారం మార్కాపురం నుంచి మిలిటరీ పికప్పును తెప్పించాం. ముఖం మొరటుది, రంగు ఎగిరిపోయింది, సీట్లో దిండు కూడా లేదు. కానీ హ్యాండిల్ తిప్పితే నా భుజం అదిరింది. స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకు, ఒక కొన చెవికి ఆనించి విన్నాను. లోపల తేడా చప్పుడు లేదు. ముందు చక్రాలకు కూడా లాగుడు ఇచ్చే గేరు దానికి అదనంగా ఉంది. చిన్న బండిలో వేసిన గంపలకు రెండింతలు వేసినా ఏటి ఇసుకలో చెరువులో గేదెలా నిమ్మళంగా నడిచి అవతల గట్టెక్కింది. ఓబులమ్మ మొగుడి వైపు చూసింది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. సీసా కడితే మనం ఊపిరి తీసుకునేలోపే ఖాళీ అయింది. షెడ్డులో కూర్చుని లెక్క చూసుకున్నాం. రోజూ రైలుకు తోలితే నెల కూపన్లు నెల నడిమికే అయిపోతాయి.

"బండి మంచిదే," అన్నాడు తిరుపాలయ్య. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "కూపన్లు అయిపోయినాక దానికి ఏటి నీళ్ళు పోస్తామా? కాయ చెట్టు మీదే పండి కోతుల పాలవుతాది."

అతను చెప్పింది నిజం. పెట్రోలు డబ్బు పెడితే దొరికే రోజులు కావవి.

ఓబులమ్మ అంది: "రోజూ ఎందుకు పోవాల? ఎద్దుల బండికి ఎక్కినంతే ఎక్కుతాదని రోజూ పోతాంటిమి. ఇది రెండు రోజుల కాయ ఒక్కసారే మోస్తాది. కన్ను అప్పుడే విచ్చే కాయ చూసి కోయిస్తే ఒక రోజు నీడన ఆగుతాది గదా."

"అట్లయితే వారానికి మూడు సార్లు చాలు," అన్నాడు దేవదానం. "సోమ, బుధ, శుక్ర. ఆదివారం నాకు చర్చి ఉంది, ఆ దినం ఎట్లా రాను."

బేరం తెగి మిలిటరీ బండి వాళ్ళదయిన రోజు నుంచి నా పని నేను మొదలుపెట్టాను. యుద్ధానికి బిగించిన ఇనుప పలకలు, కొక్కేలు, డబ్బాల చట్రాలు విప్పి పారేశాను. బండి బరువు తగ్గింది. కార్బురేటర్‌లో పెట్రోలు చిమ్మే సన్నని రంధ్రాన్ని జెట్ అంటారు. దాన్ని ఒక సైజు చిన్నది వేశాను. ఇంకా చిన్నది వేయమన్నాడు తిరుపాలయ్య. వేస్తే ఇంజను వేడెక్కి కాలుతుందని దేవదానం అడ్డుపడ్డాడు, నేనూ ఒప్పుకోలేదు. ముందు చక్రాల గేరు ఏట్లో తప్ప వేయకూడదని అనుకున్నాం. ఆఖరుసారి సీసా కట్టినప్పుడు, కంభం రోడ్డు మీద చిన్న బండి వచ్చినంత దూరం ఇది రాలేదు. కానీ ఒక్కో గంపకు పడిన పెట్రోలు చూస్తే, బరువుతో రొప్పిన ఆ చిన్న బండి కంటే తక్కువే.

ఆ సీజనంతా బండి సోమ, బుధ, శుక్రవారాల్లో మా షెడ్డు ముందు నుంచి స్టేషనుకు వెళ్ళేది. తిరుపాలయ్య ఎప్పుడూ ముందు సీట్లోనే. రైల్వే గేటు వేసి ఉంటే "స్విచ్ ఆపు, స్విచ్ ఆపు" అనే అతని గొంతు నాకు లోపలికి వినిపించేది. పెట్రోలు విషయంలో దేవదానానికి అంత కఠినమైన ఆఫీసరు పట్టాళంలో కూడా దొరకలేదట.

కార్తీకంలో రెండు రోజులు ముసురు పట్టింది. ఏట్లో మోకాలి లోతు నీళ్ళు పారాయి. ఊళ్ళో మిగతావాళ్ళ ఎద్దుల బండ్లు గట్టునే నిలబడిపోయాయి. కోసిన కాయంతా గంపల్లో మెత్తబడుతోంది. వాళ్ళలో కొందరు పెట్రోలు ఏనుగును కొన్నారని దంపతులను చూసి నవ్వినవాళ్ళే. తిరుపాలయ్య దిగి, వాళ్ళ గంపలు కూడా తన చేత్తో తొట్టిలోకి ఎత్తాడు. కూపన్లు చాలవేమోనని దేవదానం గుర్తు చేస్తే, "ఈ పొద్దు ఆ మాట ఎత్తొద్దు," అన్నాడట. బండి నీళ్ళలో దిగి, గట్టెక్కి, రైలు కూత వేసే వేళకు స్టేషను చేరింది. గంపల మీద తడిసి ముద్దయి కూర్చున్న ఓబులమ్మ నా షెడ్డు ముందు దాటుతూ చెయ్యి ఊపింది. గుంటూరు వ్యాపారి ఆ తర్వాత మరొకరిని వెతుక్కోలేదు.

ఆ బేరం దాకా నేను కూడా పాత బండి కొనేవాళ్ళకు ఇంజను గురించే చెప్పేవాణ్ణి. ఆ తర్వాత మారాను. ఏం మోస్తావు, ఏ దారిలో పోతావు, నడిమధ్య ఆగితే నీకు ఏం పోతుంది అని ముందు అడిగేవాణ్ణి. పొదుపు అనేది సీసాలో లేదు, ఈ మూడు జవాబుల్లో ఉంది.

కొన్నేళ్ళ తర్వాత ఒక రోజు తిరుపాలయ్య టైరుకు పంక్చరు వేయించుకుంటూ షెడ్డులో కూర్చుని ఉన్నాడు. దర్శి నుంచి ఒకాయన వచ్చి, పాత వ్యాను కొనబోతున్నాననీ, అది గ్యాలనుకు ఎంత ఇస్తుందో చూసిపెట్టమనీ అడిగాడు. నేను నోరు తెరిచేలోపే తిరుపాలయ్య అతన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"తాగే బండితో వేగొచ్చు నాయనా," అన్నాడు. "ఆగే బండితో వేగలేం."